రెండు తూములు

కొండలరావు మాస్టారిని ప్రశ్న అడిగితే సమాధానం రాదు, పని వస్తుంది. ఇది మా భౌతికశాస్త్ర విభాగంలో గోడలకు కూడా తెలిసిన సంగతి. వేడి ఎప్పుడూ చల్లటి వైపే ఎందుకు పోతుందని ఒకతను అడిగి, మూడు రోజులపాటు లైబ్రరీలో కలగాపులగమైన పుస్తకాలు సర్దాడు. అతనికి సమాధానం దొరికిందో లేదో నాకు తెలియదు గానీ, మళ్ళీ ప్రశ్న అడగలేదని మాత్రం తెలుసు. ఆయన దగ్గర నేను పద్దెనిమిదేళ్ళు హీలియం ప్లాంటు నడిపాను. ప్రయోగాలకు కావలసిన ద్రవ హీలియం అంతా నా చేతిమీదుగానే వెళ్ళేది. అన్నేళ్ళలో నేను అడిగిన ప్రశ్నలు రెండు. రెండింటికీ నడుం నొప్పి వచ్చింది. అందుకే ఆ రోజు ఉదయం ఎస్తేరు ఆయన గదిలో నిలబడి ఏదో అడుగుతుంటే, పాపం ఈ పిల్ల, అనుకుంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"మాస్టారూ, పాడైపోయిన ముక్క నిజం ఎలా చెబుతుందండీ?" అని ఆమె అడిగింది.

"ఎవరి ముక్క?" అన్నారాయన.

"ఎవరిదో లెండి. ఊరికే అడుగుతున్నాను."

ఎస్తేరు పార్వతీపురం వైపు నుంచి వచ్చిన అమ్మాయి, మాస్టారి దగ్గర మూడేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆమె కొలిచే సెమీకండక్టరు ముక్క కందిబద్దంత ఉంటుంది. దాని లోపల ఎలక్ట్రాన్లు ఒక పలచటి పొరలో చిక్కుకుని ఉంటాయి. క్యారమ్ బోర్డు మీది బిళ్ళల్లాగా నాలుగు పక్కలకూ తిరగగలవు గానీ పైకీ కిందికీ పోలేవు. ఆ ముక్కను ఒక పొడుగాటి కడ్డీ చివర కట్టి, మంచుకన్నా ఎంతో చల్లగా ఉండే ద్రవ హీలియం నింపిన నిలువు పాత్రలోకి దింపుతారు. చుట్టూ పెద్ద అయస్కాంతం ఉంటుంది. ముక్క పొడుగునా కరెంటు పంపితే దానికి అడ్డంగా కొంత వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేదాన్ని హాల్ నిరోధం అంటారు. అయస్కాంతం బలం పెంచుకుంటూ పోతే ఇది కూడా ఏటవాలుగా పెరుగుతూ పోవాలని మామూలు బుద్ధికి తోస్తుంది. అలా జరగదు. అది మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. ఒక మెట్టు మీదికి వచ్చాక, మనం అయస్కాంతాన్ని ఎంత పెంచుతున్నా కొంతదూరం అంకె కదలనే కదలదు. పైగా ఆ అంకె ఏ దేశంలో, ఎవరు చేసిన ముక్కలో కొలిచినా ఒక్కటే. ఎస్తేరుకు కావలసిన మెట్టు పన్నెండు వేల తొమ్మిది వందల ఆరు ఓములు, ఆపైన కొన్ని దశాంశాలు. ముక్క పొడుగా పొట్టా, వెడల్పా ఇరుకా అని అది చూడదు. ఇదంతా నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. ఎందుకలా అంటే మాత్రం ఇప్పటికీ తల గోక్కుంటాను.

ఎస్తేరు దాచిన సంగతి ఒకటుంది. అది మాకు తర్వాత తెలిసింది గానీ ఇక్కడే చెప్పేస్తాను. ముక్కను కడ్డీకి కడుతున్నప్పుడు ఆమె చేతిలో పట్టకారు జారి, ముక్క నడిమధ్యన గీత పడింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా అలాగే దింపేసింది. ఏ చెత్త అంకె వచ్చినా సరే అనుకుని కూర్చుంటే, అచ్చంగా పన్నెండు వేల తొమ్మిది వందల ఆరు వచ్చి కదలకుండా నిలబడింది. గీత పడ్డ ముక్క ఇంత చక్కగా మాట్లాడదు కదా, అయితే మీటరే ఇరుక్కుపోయి ఉంటుందని ఆమె తేల్చుకుంది. మీటరు మార్చింది, అదే అంకె. తీగలు మార్చింది, అదే అంకె. పక్క ల్యాబులో బతిమాలి మూడో మీటరు తెచ్చింది, దాందీ అదే మాట. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళను చూశాను గానీ, ఆట బాగా వచ్చినందుకు మద్దెలను తన్నిన మనిషిని ఈమెనే చూశాను. ఈ తతంగం రెండు రోజులు సాగింది. ఆ రెండు రోజులూ నా హీలియం మరిగి ఆవిరైపోతూనే ఉంది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను ఊరుకోవలసింది. కానీ అప్పుడు నా ప్లాంటులో పిస్టన్ అరిగిపోయి, యంత్రం మొత్తం విప్పి నేలమీద పరిచి ఉంది. నెల దాకా కొత్త హీలియం పుట్టదు. ఎస్తేరు ఫెలోషిప్ నెలాఖరుతో సరి. అంటే ఆ పాత్రలో ఉన్నదే ఆమెకు ఆఖరుది, అదీ ఆ సాయంత్రం దాకా మాత్రమే. ఆమె ఏం నిర్ణయించుకుందంటే, ఈ ముక్క చెప్పే అంకెను నమ్మలేక దీన్ని బయటికి లాగేసి, పెట్టెలో భద్రంగా ఉన్న కొత్త ముక్కను దింపుతుందట. ఆ కొత్తది మచ్చలేనిది, అద్దంలా ఉంటుంది. అలా మారిస్తే వెచ్చటి కడ్డీ తగిలి ఉన్న హీలియంలో సగం బుస్సుమని పోతుంది. పాత ముక్క వెచ్చబడగానే దాని వెంట్రుకంత తీగల అతుకులు ఊడిపోతాయి, ఇక అది దేనికీ పనికిరాదు. కొత్తది మాట వినకపోతే మూడేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే. ఇదంతా మాస్టారికి నేనే గుమ్మంలోంచి గట్టిగా చెప్పాను. నాకు కోపంగానే ఉంది.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "ముక్క తర్వాత తీద్దువుగాని ఎస్తేరూ. బయటికెళ్ళి వెనకవైపు తూముల కింద నిలబడు," అన్నారు. నావైపు తిరిగి, "సన్నిబాబూ, నువ్వు బకెట్టూ మగ్గూ పట్టుకుని పైకి రా," అన్నారు. ఇక్కడ హీలియం నిమిష నిమిషానికీ దిగిపోతుంటే ఈయనకు మిద్దె మీద పనేమిటో నాకు అంతుపట్టలేదు. ఆమె ముఖం చూస్తే ఆమెకూ అంతుపట్టలేదని తెలుస్తూనే ఉంది. అయినా వెళ్ళాం. ఆయన చెబితే వెళ్ళడం మాకు అలవాటు.

మాది ఒకే అంతస్తు భవనం. వర్షాకాలం ముందు కప్పు కారకుండా ఉండాలని గౌరినాయుడు మేస్త్రీ అప్పుడు పైన పని చేస్తున్నాడు. మిద్దెలో సగానికి కొత్తగా నున్నటి సిమెంటు పూత వేసేశాడు. మిగతా సగం పాతదే, అంతా గుంతలు. ఒక్కో సగానికీ విడిగా ఒక తూము ఉంది. కొత్త పూతను తడిపే రబ్బరు పైపు అతని చేతిలోనే ఉంది. మాస్టారు చెప్పగా, పైపు నీళ్ళు పిట్టగోడ వారగా పారి తూములోంచి సన్నటి ధారగా పడేటట్టు పెట్టాడు. ముందు కొత్త సగంలో. ఆ సగం నడుమ నన్ను మగ్గుతో నీళ్ళు పొయ్యమన్నారు. కింద ఉన్న ఎస్తేరు ధారను చూస్తూ, మారిందో లేదో కేకేసి చెప్పాలి. ఇంతే పని.

ఒక మగ్గు పోశాను. "లావైందండీ!" అని కింద నుంచి కేక. ఇంకోటి పోశాను. "మళ్ళీ లావైంది!" తొమ్మిది మగ్గులకు తొమ్మిది కేకలు. తర్వాత పైపును పాత సగంలోకి మార్చి, అక్కడా పిట్టగోడ వారనే ధార పెట్టారు. నేను నడుమ నిలబడి మగ్గు పోశాను.

"మారలేదండీ."

ఇంకో మగ్గు. "మారలేదు." ఇంకోటి. "మారలేదండీ." ఏడో మగ్గుకు ఆమె గొంతులో విసుగు మొదలైంది. పదో మగ్గుకు, "అన్నా, నిజంగా పోస్తున్నావా?" అంది. "పోస్తున్నానమ్మా, చెయ్యి పడిపోతోంది," అన్నాను. పన్నెండో మగ్గుకు "తూములో ఏదో అడ్డుపడిందండీ, నేను వచ్చి పొడుస్తాను!" అని అరిచి, ఎక్కడి నుంచో ఇనపచువ్వ పట్టుకుని నిచ్చెన ఎక్కి వచ్చేసింది. వచ్చీ రాగానే తూములో చువ్వ పెట్టి గట్టిగా ఆడించింది. ధార ఎలా ఉందో అలాగే ఉంది. సన్నగా, ఒకే తీరుగా.

గౌరినాయుడు నవ్వాపుకోలేకపోయాడు. "తూముకేటీ అవనేదమ్మా. దాన్నెందుకలా పొడిసేస్తారు? బాబు పోసిన నీల్లంతా గోతులు పట్టీసుకున్నాయి. అవి నిండీదాకా దానికి సుక్క కూడా పోనివ్వవు," అన్నాడు.

ఎస్తేరు వెనక్కి తిరిగి చూసింది. నేను పోసిన నీళ్ళన్నీ గుంతల్లో కదలకుండా ఉన్నాయి. పిట్టగోడ వారన పైపు ధార తన మానాన తాను పోతోంది. అవతల కొత్త సగం వైపు చూసింది, మళ్ళీ ఇటు చూసింది. చేతిలో చువ్వ అలాగే ఉంది. ఆమెకు ఏదో అర్థమైందని నేను చెప్పలేను. నిజం చెప్పాలంటే నాకంటే ఎక్కువ అయోమయంగా కనిపించింది. చువ్వను పిట్టగోడకు ఆనించి, "మాస్టారూ, ఆ ముక్క మీద గీత నేనే పెట్టానండీ," అంది.

"ఇందాక ఎవరిదో అన్నావు," అన్నారు మాస్టారు.

నేను ఉండబట్టలేక, "మాస్టారూ, హీలియం!" అన్నాను. ముగ్గురం దిగి ల్యాబులోకి పరుగెత్తాం. పాత్రలో నాలుగు వేళ్ళ లోతు మిగిలింది. ఎస్తేరు తిన్నగా వెళ్ళి కడ్డీ మీద చెయ్యి వేసింది. లాగేస్తుందనే అనుకున్నాను. ఎంతసేపు అలా నిలబడిందో, నాకు మాత్రం చాలాసేపనిపించింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు గానీ ఆమె వైపు చూడలేదు. చివరికి ఆమె కడ్డీ మీద చెయ్యి తీసేసి, స్టూలు లాక్కుని కూర్చుని, అయస్కాంతం బలం మెల్లగా పెంచడం మొదలుపెట్టింది. అంకెను గీతగా గీసే యంత్రంలో కాగితం మీద పెన్ను పైకెక్కింది, మెట్టు మీదికి వచ్చింది, అడ్డంగా గీసుకుంటూ పోయింది. జానెడు పొడుగున ఒకే గీత. ఈసారి ఆమె లేచి మీటరును ఒక్కసారి కూడా తట్టి చూడలేదు. పొద్దు వాలేలోపు హీలియం అయిపోయి పెన్ను దారి తప్పింది. అప్పటికి కావలసినదంతా కాగితం మీద ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి, అది హీలియం అయిపోయినందుకే అని అందరికీ చెప్పుకున్నాను.

ఆ మరుసటి ఏడాది ఇంకో విద్యార్థి ఆ మచ్చలేని కొత్త ముక్కను దింపాడు. మెట్టు రాలేదని కాదు, వచ్చింది. కానీ ఎంత సన్నగా వచ్చిందంటే, అయస్కాంతాన్ని కాస్త కదిపేసరికి జారిపోయింది. అది చూసి, అయితే చెడ్డదే మంచిదా అని నాకు పెద్ద సందేహం పట్టుకుంది. బుద్ధి లేక మాస్టారిని అడిగాను. అది నా మూడో ప్రశ్న. ఆయన నన్ను మిద్దె మీదికి పంపి చెత్త ఊడ్పించారు. గుంతలన్నీ గౌరినాయుడు ఎప్పుడో పూడ్చేశాడు, అవి ఉంటే కప్పు కారుతుంది మరి. ఆ నున్నటి సిమెంటు మీద చీపురు పట్టుకుని, గుంతలు నీళ్ళను పట్టుకున్నట్టు ముక్క మీది గీత కూడా ఎలక్ట్రాన్లను పట్టుకుని ఉంటుందా అని చాలాసేపు ఆలోచించాను. గుంత ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నది నాకు ఈనాటికీ తేలలేదు.

ఎస్తేరు థీసిస్ రాసుకుంటూ ఒకనాడు మాస్టారి గదికి వచ్చింది. అప్పుడు నేను అక్కడే పిస్టన్ బిల్లులు చూపిస్తున్నాను. "గీత సంగతి దాచకూడదు కదండీ, రాసేస్తాను," అంది.

"రాయాలి," అన్నారాయన. "ఏ పేజీలో రాస్తున్నావు?"

"చివర్న, లోపాలు చెప్పుకునే పేజీలో అండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ పేజీలో కాదు," అన్నారు.