వరసలు కలిపిన షావుకారు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఒక శాసనం. ఆ శాసనంలో ఒక సందు. ఈ కథంతా ఆ సందులోంచే నడిచింది, వినండి పిల్లలూ.

శాసనం మంచిదే. "పరుల దగ్గర పనిచేసేవారికి ఏడో రోజు విశ్రాంతి ఇవ్వాలి. పనిలో దెబ్బ తగిలితే నయమయ్యేదాకా యజమానే తిండి పెట్టి వైద్యం చేయించాలి" అని రాతిమీద చెక్కించి సంతలో నిలబెట్టారు. అడుగున ఇంకో ముక్క ఉంది. "సొంత ఇంటివారు చేసుకునే పనికి ఇది వర్తించదు." అదీ న్యాయమే. ఇంట్లో నాలుగు గిన్నెలు కడిగినందుకు మీరు అమ్మ మీద రాజుకు ఫిర్యాదు చేస్తారా?

ఆ అడుగు ముక్క షావుకారు చిదంబరయ్య కంటపడింది. అక్కడే వచ్చింది చిక్కు.

చిదంబరయ్యకు ఏటి ఒడ్డున అద్దకం కార్ఖానా ఉంది. అందులో నలభైమంది పనివాళ్ళు. కొందరు రంగుకాగుల కింద మంట పెడతారు. కొందరు బట్టమీద అచ్చులు వేస్తారు. కొందరు నడుంలోతు నీళ్ళలో నిలబడి రంగు బట్టలు జాడిస్తారు. శాసనం చదివిన మర్నాటినుంచి షావుకారు అందరికీ వరసలు కలిపేశాడు. కాగుల దగ్గరుండే ముసలి అచ్చన్నను "బాబాయ్" అన్నాడు. అచ్చులు వేసే నూకాలును "అక్కా" అన్నాడు. బట్టలు జాడించే పైడమ్మను "అమ్మా తల్లీ, నువ్వు నా పెద్దకూతురివే" అన్నాడు.

పనివాళ్ళు పొంగిపోయారు. పొంగిపోరూ మరి! షావుకారంతటివాడు బాబాయ్ అంటే ఏ ముసలాయన మీసం మెలెయ్యడు?

ఏడో రోజు వచ్చింది. "ఇంటి పనికి సెలవేమిటర్రా?" అన్నాడు షావుకారు. ఎవరూ ఆగలేదు. ఎనిమిదో రోజు వచ్చింది, పదో రోజు వచ్చింది, నెల తిరిగింది. కాగులు ఉడుకుతూనే ఉన్నాయి. బట్టలు వస్తూనే ఉన్నాయి. కూర్చుందామంటే మనసు ఒప్పదు, నిలబడదామంటే కాళ్ళు ఒప్పవు. అందరికీ లోపల ఏదో కుతకుతమంటోంది, అదేమిటో ఎవరికీ తెలియడం లేదు.

రంగు అంటడానికి కలిపే పటికనీళ్ళకు పైడమ్మ వేళ్ళు పగిలిపోయాయి. అన్నం కలపబోతే కళ్ళమ్మట నీళ్ళు కారేవి. వైద్యుడు చూసి హడలిపోయాడు. "పదిహేను రోజులు వీటికి నీళ్ళు తగలకూడదు. తగిలాయా, వేళ్ళు బిగుసుకుపోతాయి. ఇక జన్మలో సూది కూడా పట్టుకోలేవు" అన్నాడు.

ఆమె షావుకారు దగ్గరికి వెళ్ళి చేతులు చాపింది. "నెత్తురు కారుతోందండీ" అంది.

"అది మన ఎర్రరంగేనమ్మా" అన్నాడు షావుకారు, చూడకుండానే.

పైడమ్మ తిన్నగా ధర్మాధికారి దగ్గరికి వెళ్ళింది. షావుకారు కూడా ఆమె వెనకే పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, ఇది నా పెద్దకూతురు. అలిగి వచ్చింది" అన్నాడు.

"నిన్ను కూతురనే పిలుస్తాడా?" అని ధర్మాధికారి అడిగాడు.

"పిలుస్తారండీ" అంది పైడమ్మ. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు మరి.

"అయితే ఇది ఇంటిగొడవ. ఇంట్లోనే తేల్చుకోండి" అని రాయించి పంపేశాడాయన.

వారం తిరక్కుండానే కాగు ఒరిగి అచ్చన్న కాలు ఉడికిపోయింది. మోసుకుని షావుకారు ఇంటికి తీసుకెళ్ళారు. "అరుగెక్కకండి! కూలివాడి కాలు కాలితే నేనేం చెయ్యను?" అని ఆయన తలుపేసుకున్నాడు. అచ్చన్నను ధర్మాధికారి దగ్గరికి మోసుకెళితే, షావుకారు అక్కడ కళ్ళొత్తుకుంటూ "బాబాయ్!" అన్నాడు. ఇదీ ఇంటిగొడవే అని మళ్ళీ పంపేశారు. సభలో బాబాయి, గుమ్మంలో కూలివాడు! ఇంత దొంగతనం దొంగలు కూడా చేయరు.

అప్పుడు నూకాలుకు ఒళ్ళు మండింది. "ఒక్కొక్కరం వెళుతుంటే ఒక్కొక్క వరస చెప్పి పంపేస్తున్నాడు. నలభైమందిమీ ఒక్కసారే వెళదాం. మన వరసలన్నీ ఆయన చేతే ఒప్పిద్దాం" అంది. నలభైమందీ ఒకరి చేతిలో ఒకరు చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. ఎవరూ ఒంటరిగా ఏమీ అడగకూడదు, ఒంటరిగా ఏమీ పుచ్చుకోకూడదు.

ఈ మాట షావుకారు చెవిన పడింది. పైడమ్మను పిలిపించాడు. "నీకొక్కదానికీ పదిహేను రోజులు ఇస్తాను తల్లీ. వాళ్ళతో కలవకు."

పైడమ్మ తన చేతులకేసి చూసుకుంది. ఆశ పుట్టలేదంటే నేను నమ్మను.

"అచ్చన్న తాత కాలికో?" అంది చివరికి.

"ఆ గొడవ నీకెందుకు?"

"అయితే నాకూ వద్దండి" అని వెళ్ళి ఏట్లో దిగింది. అలా ఇంకో నాలుగు రోజులు దిగింది. దిగినప్పుడల్లా చేతుల్లో నిప్పులు పోసినట్టుండేది.

అయిదో రోజున, నలభైమందీ కాచుకుని ఉన్న షావుకారు కొడుకు పెళ్ళి జరిగింది. కొత్త కోడలు ఇంటికొచ్చింది. మన ఇళ్ళలో ఆచారం మీకు తెలుసుగా? ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. కొత్త దంపతులు ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తుంది. షావుకారుకు కన్నకూతుళ్ళు లేరు. పొరుగింటి పిల్లెవరో ముందుకు రాబోయింది. అంతలో పైడమ్మ వచ్చి ఆ చివరా ఈ చివరా చేతులు పెట్టి గుమ్మానికి అడ్డం నిలబడింది. మిగతా ముప్పైతొమ్మిదిమందీ అరుగు నిండా కూర్చున్నారు.

"వాళ్ళ పేర్లు తర్వాత నాన్నా" అంది పైడమ్మ. "ముందు మీరు చెప్పండి. నేను మీకేమవుతాను?"

పెళ్ళికూతురి తండ్రి తెల్లబోయాడు. "బావగారూ, మీకు కొడుకొక్కడే సంతానమన్నారు. ఈ అమ్మాయెవరు? ఆ ముసలాయనెవరు?"

"నేను బాబాయినండీ" అన్నాడు అచ్చన్న, కట్టుకట్టిన కాలు చాపుకుని.

"నేను అక్కనండీ" అంది నూకాలు. "నేను బావమరిదినండీ" అన్నాడొకడు. అరుగంతా వరసలతో హోరెత్తిపోయింది.

చిదంబరయ్యకు పిచ్చెత్తినట్టయింది. "కూతురేమిటి, బాబాయేమిటి! వీళ్ళంతా నా కార్ఖానాలో పనిచేసే కూలీలు!" అని అరిచాడు.

పెళ్ళికి పిలిచిన పెద్దల్లో ధర్మాధికారి కూడా ఉన్నాడు. చేతిలో అక్షింతలు పళ్ళెంలో పెట్టేసి ముందుకొచ్చాడు.

"చిదంబరయ్యా, నా ఎదుట కూతురన్నావు. ఊరి ఎదుట కూలి అంటున్నావు. ఒకటే ఉంచుకో. కూతురైతే నీ కొడుకుతో సమానంగా భాగం పంచు, బాబాయికి నీ ఇంట్లో మంచం వెయ్యి. పనివాళ్ళైతే శాసనం ఉంది."

"పనివాళ్ళేనండి" అన్నాడు షావుకారు నేలచూపులు చూస్తూ.

"వినబడలేదు."

"పనివాళ్ళే."

"వాళ్ళవైపు తిరిగి చెప్పు."

"మీరు నా పనివాళ్ళు" అన్నాడు మూడోసారి. ఎప్పుడూ చిన్నతనంగా తోచే ఆ మాటకు అరుగుమీద అందరి మొహాలూ వెలిగిపోయాయి.

ధర్మాధికారి పైడమ్మ చేతులు చూసి తల దించుకున్నాడు. "తప్పు నాదీ ఉందమ్మా. ఏమని పిలుస్తాడని అడిగాను. ఏం పని చేయిస్తాడని అడగలేదు" అన్నాడు.

షావుకారు ఖర్చుతోనే అచ్చన్న కాలు నయమైంది. ఏడో రోజున కాగుల కింద మంటలు ఆగాయి. పైడమ్మ పదిహేను రోజులు చేతులు తడపలేదు. ఎనిమిది వేళ్ళు చక్కగా వంగాయి. చిటికెనవేళ్ళు రెండూ బిగుసుకునే ఉండిపోయాయి. ఆ నాలుగు రోజుల నీళ్ళు ఊరికే పోలేదు.

పదహారో రోజున ఆమె పనిలోకి వచ్చింది. షావుకారు అలవాటుకొద్దీ "అమ్మా తల్లీ" అంటూ ఎదురొచ్చాడు.

"పైడమ్మా అని పిలవండి షావుకారుగారూ, చాలు" అంది ఆమె.

నీతి: పిలుపు తియ్యగా ఉందని హక్కు వదులుకోకూడదు, ఒక్క గొంతును మాయమాటతో పంపేసేవాడు కూడా, అందరూ ఒక్క గొంతై అడిగితే నిజం చెప్పక తప్పదు.