మసి పూసే కాటమ్మ

అనగనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. అనకపోతే ముసుగుతన్ని పడుకుంటాను.

అనగనగా నల్లగుట్ట మీద ఒక కోట. కోటకు జగ్గరాయుడని ఒక దొర. మనిషి మంచివాడే, కానీ కోపం ముక్కు మీదుండేది. కోపం రాగానే తాటాకు తీసి, గంటంతో హుకుం గీకేసేవాడు.

తాటాకు మీద గీసిన అక్షరం వెంటనే కనబడదు. ఆకుపసరులో మసి కలిపి రుద్దితేనే చదవడానికి వస్తుంది. ఆ రుద్దే పని కాటమ్మది. ముసలి మనిషి, నా అన్నవాళ్లు లేరు. కోట వంటింటి పక్కన పరుచుకున్న చాపే ఆమె ఇల్లు. అక్షరం ముక్క రాదు.

ఒకరోజు కోడి కూసి దొర నిద్ర చెడగొట్టింది. దొర ఆకు గీకి విసిరాడు.

"ఏం రాసిన్రు దొరా?" అంది కాటమ్మ.

"నీకెందుకే?"

"మాటను బట్టి మసి దొరా. పెద్ద మాటకు ముద్దెడు, చిన్న మాటకు చిటికెడు."

"ఊళ్లె కోళ్లన్నీ రేపటికల్లా పొలిమేర దాటాలె."

పైకి చెప్పాక దొరకే అదోలా అనిపించింది. ఆకు విరిచేశాడు.

ఇంకోరోజు వానకు దొర కొత్త తలపాగా తడిసింది. మళ్లీ ఆకు గీకాడు.

"ఏం రాసిన్రు దొరా?"

"వానను పిలిచిన కప్పల్ని పట్టి కట్టెయ్యాలె."

కొలువంతా కిసుక్కుమంది. దొర ఆకైతే విరిచాడు కానీ, మొహం కందగడ్డ అయింది. "ఇంకొక్కసారి అడిగినవంటే కోట ఇడిచి పోవుడే!" అన్నాడు.

మూడోసారి, ఉట్టి మీది కుండ పగిలి మజ్జిగంతా దొర నెత్తిన పడింది. "ఈ కుమ్మరోళ్లను..." అని పళ్లు కొరుకుతూ ఆకు గీకి విసిరాడు.

కుమ్మరివాడలో ముప్పై ఇళ్లు. అడిగితే కాటమ్మకు నిలువ నీడ ఉండదు. ఈ వయసులో ఎక్కడికి పోతుంది? ఆమెకు నిజంగానే భయమేసింది. లోపలికి వెళ్లింది. చాప చుట్టి, రెండు చీరలు మూటగట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"మూట కట్టుకొనే వచ్చిన. ఇప్పుడు అడగొచ్చా? ఏం రాసిన్రు దొరా?"

"కుమ్మరివాడ ఖాళీ చెయ్యాలె!"

"అయితే దీనికి శానా మసి కావాలె. మీ మనవల మనవలు సుత చదువుతరు. మా తాత నెత్తిన మజ్జిగ పడ్డది, ముప్పై ఇండ్లు లేచిపోయినయ్ అని సక్కగ కనబడాలె గదా!"

దొర గడ్డం చివరి నుంచి మజ్జిగ ఇంకా కారుతూనే ఉంది. ఆకును రెండుగా, నాలుగుగా విరిచాడు. కాసేపటికి ఇంకో ఆకు తీసి నిదానంగా రాశాడు.

"ఏం రాసిన్రు దొరా?"

"కాటమ్మ బతికినన్నాళ్లు కోటలనే ఉండాలె అని. మూట దించు."

ఆ ఆకుకు కాటమ్మ సంబరంలో ఎంత మసి రుద్దిందంటే, ఒక్క అక్షరమూ కనబడలేదట.

కాటమ్మ పోయింది, దొరా పోయాడు. కానీ ఆ చుట్టుపక్కల ఎవరైనా కోపంతో ఉత్తరం రాస్తే, పొయ్యి మసితో మూలన బొట్టు పెట్టి, ఇంట్లోవాళ్ల ముందు పైకి చదవాల్సిందే. సగం ఉత్తరాలు ఆ పొయ్యి దాటి బయటికి రావట.