బొజ్జని కాళ్లలోకి నెట్టుకున్న సముద్రపు సాలీడు

ఒకప్పుడు సముద్రపు సాలీడుకి శనగగింజంత గుండ్రటి బొజ్జ ఉండేది. కాళ్లు ఎనిమిదీ పొట్టివే. నడుస్తుంటే బొజ్జ ఇసుకకి రాసుకుని, వెనకాలే గీత పడేది.

ఆ కాలంలో బొజ్జయ్య అనే సముద్రపు సాలీడు ఉండేవాడు. నేలమీది సాలీడులా గూడు అల్లడం ఆయనకి రాదు. సముద్రం అడుగున పువ్వులా విచ్చుకుని ఉండే మెత్తటి జంతువులుంటాయి. వాటిని సముద్రపు పువ్వులంటారు. బొజ్జయ్య వాటికి తన తొండం గుచ్చి రసం జుర్రుకునేవాడు. ఆ తర్వాత మూతి కింద ఉన్న రెండు బుల్లి చేతులతో బొజ్జ నిమురుకుంటూ కునుకు తీసేవాడు.

ఒకరోజు ఆయన భార్య నీలమ్మ గుడ్లు పెట్టింది. ఆవగింజలకన్నా చిన్నవి. అన్నీ జిగురుతో అతుక్కుని చిన్న ఉండలా ఉన్నాయి.

"నీరసంగా ఉందయ్యా. కాస్త తినొస్తాను. గుడ్లు జాగ్రత్త" అంది నీలమ్మ.

"నేనున్నాగా, నువ్వెళ్లు" అన్నాడు బొజ్జయ్య.

ఆవిడ అలా వెళ్లిందో లేదో, రెండు రాళ్ల సందులో ఎర్రటి సముద్రపు పువ్వు ఆయన కంటపడింది. నోరూరింది. గుడ్లని ఇసుకమీద వదిలేసి, "ఒక్క గుటకే" అనుకుంటూ సందులో దూరాడు. ఒక్క గుటక పది గుటకలైంది. బొజ్జ బూరెలా పొంగింది. వెనక్కి రాబోయాడు, రాలేదు. ముందుకి పోబోయాడు, పోలేదు. ఇరుక్కుపోయాడు.

ఇంతలో అల ఒకటి వచ్చి గుడ్ల ఉండని దొర్లించుకుపోయింది. అది దొర్లి దొర్లి సరిగ్గా ఒక పీత ముందు ఆగింది.

"పీత బావా, అవి నా పిల్లలు. ముట్టుకోకు" అని బతిమాలాడు బొజ్జయ్య.

"అలాగా. చూస్తే ఫలహారంలా ఉన్నాయే" అన్నాడు పీత. "ఉండు, చేతులు శుభ్రం చేసుకుని మొదలుపెడతాను. మురికి చేతులతో తినడం మా ఇంటావంటా లేదు."

బొజ్జయ్య తనని బిగించిన రాయిని పిలిచాడు. "రాయి తాతా, కొంచెం పక్కకి జరుగు" అన్నాడు ఏడుపుగొంతుతో.

"నేను జరిగి వెయ్యేళ్లయింది నాయనా. ఎలా జరగాలో కూడా మర్చిపోయాను" అన్నాడు రాయి తాత. "నీ కాళ్లు బోలుగా ఉన్నాయి కదా. ఆ బొజ్జని వాటిలోకి నెట్టి చూడు."

బొజ్జయ్య ఊపిరి బిగబట్టాడు. ఈ కాలిలోకి కాస్త, ఆ కాలిలోకి కాస్త బొజ్జని నెట్టాడు. నెట్టినకొద్దీ కాళ్లు సాగాయి. సాగి సాగి చీపురుపుల్లల్లా అయ్యాయి. చివరికి ఒళ్లంతా దారప్పోగంత మిగిలింది. సుళువుగా సందులోంచి జారి బయటపడ్డాడు.

కానీ కొత్త కాళ్లతో నడవడం ఎలా? మూడో కాలు ఐదో కాలిని తొక్కింది. ఏడో కాలు ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. తూలుతూ, పడుతూ, లేస్తూ వెళ్లాడు. పీత నోరు తెరిచేసరికి, బుల్లి చేతులతో గుడ్ల ఉండని లటుక్కున లాక్కున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు పీత బిత్తరపోయి.

"వీళ్ల నాన్నని" అన్నాడు బొజ్జయ్య.

నీలమ్మ తిరిగొచ్చి ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

"ఏమయ్యా, నీ బొజ్జ ఏది?"

"కాళ్లలో ఉంది."

"మరి గుడ్లు?"

"చేతుల్లో ఉన్నాయి."

తలొంచుకుని జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. నీలమ్మ గుడ్లని ఒకసారి తడిమి చూసింది. తర్వాత, "అలిసిపోయావు. ఇటివ్వు, నేను పట్టుకుంటాను" అంది.

"వద్దు. ఒకసారి కింద పెట్టి చూశాను, చాలు" అన్నాడు బొజ్జయ్య. గుడ్లు పగిలి పిల్లలయ్యేదాకా వాటిని దించనే లేదు.

అప్పటినుంచే సముద్రపు సాలీడు ఒళ్లు సన్నం, కాళ్లు పొడుగు. తిన్నది కాళ్లలోకి వెళ్లి అరుగుతుంది. గుడ్లు పెట్టేది అమ్మే అయినా, వాటిని వెంటబెట్టుకుని మోస్తూ తిరిగేది మాత్రం ఈనాటికీ నాన్నే.