నక్క రాసిన నలభై పేర్లు

అడవిలో రెండు బడులు. వాగు ఒడ్డున మృగరాజు పెట్టించిన బడికి ముసలి ఎద్దు పెద్ద. గుట్ట మీది బడి నక్క సొంతం. రాళ్లదిబ్బ మీద కాపురముండే మేక, మేతకు కటకటలాడుతూ కూడా పిల్లను గుట్ట బడికే పంపింది. మూడేళ్లయినా పిల్లకు చదవడం రాలేదు. బడి పేరెత్తితే వణికిపోయేది.

మృగరాజు చట్టం ప్రకారం, మేత కరువైన చోట ఉంటూ చదువులో వెనకబడ్డ పిల్ల ఏ బడిలో చదివినా, వాగు బడి పంతులు వెళ్లి విడిగా చెప్పాలి. ఆ పేర్లు ఎద్దు ఆ పిల్ల చదివే బడి పెద్దను అడిగి తెలుసుకోవాలి.

"మాస్టారూ, ఎద్దుగారికి మా పిల్ల పేరు చెప్పండి" అని మేక బతిమాలింది.

"మా బడిలో మొద్దులే లేరని అడవంతా చాటాను. నీ పిల్ల కోసం నా పరువు తీసుకోనా?" అంది నక్క.

మేక నేరుగా ఎద్దు దగ్గరికి వెళ్లింది.

"ఎవరూ లేరనే నక్క నాకూ చెప్పిందమ్మా. మళ్లీ అడుగుతాను" అంది ఎద్దు.

ఎద్దు మళ్లీ పేర్లు అడుగుతూ, వాగు బడి నుంచి కొంగ పంతులు వస్తుందని కబురు పెట్టగానే నక్క మనసు మారింది. అందరి పేర్లూ రాస్తే బడి మొత్తానికీ కొంగే పాఠాలు చెబుతుంది, తను హాయిగా పడుకోవచ్చు. బడిలోని నలభై మంది పేర్లూ రాసి పంపింది.

ఏ జాబితానైనా తల్లిదండ్రుల ముందు చదివాకే ముద్ర వేయడం ఎద్దు అలవాటు. వాగు బడి గడప తొక్కని నక్కకు ఆ సంగతి తెలీదు. ఎద్దు గుట్ట బడి తల్లిదండ్రుల్నీ నక్కనూ పిలిపించి నలభై పేర్లూ నింపాదిగా చదివింది.

"నిరుడు మావాడే ఫస్టన్నావు కదయ్యా?" అని గేదె లేచి నక్కను నిలదీసింది.



"కొంగ నీ కొలువుకు రావడం లేదు నక్కా. ఆ సాయం పిల్లలది, నీ బడిది కాదు" అంది ఎద్దు. మేత కరువైన రాళ్లదిబ్బ పిల్లల్ని పిలిచి తనే చదివించి చూసింది. ఐదుగురు వెనకబడ్డారని తేలింది. అందులో మేకపిల్ల ఒకటి.

మర్నాటికి గుట్ట బడి సగం ఖాళీ అయింది. అది చూసి మేక నవ్వలేదు. పోయిన మూడేళ్లూ తన బిడ్డవి. కొంగ పక్కన కూర్చుని పిల్ల మొదటి మాట కూడబలుక్కుంటుంటే మాత్రం ఏడ్చేసింది.

నీతి: బిడ్డ వెనకబాటును దాచి బడి పరువు నిలబెట్టాలనుకుంటే, చివరికి ఆ పరువూ దక్కదు.