మూత వేసి చూడు

పైడిరాజుకి ఆ పిన్‌బాల్ మెషీన్ మీద పీకలదాకా కోపం. విశాఖపట్నంలో అతని చెయ్యి పడ్డాక పలకని రేడియో లేదు, తిరగని ఫ్యాను లేదు. ఇదొక్కటే బాగుచేసి వచ్చిన మర్నాటికల్లా మళ్ళీ ఆరిపోయేది.

మెషీన్ నరసింగరావుది. ఓడలకు సరుకులు సరఫరా చేసి బాగా గడించిన మనిషి. ఒక విదేశీ ఓడ వాళ్ళు వదిలేసి పోతే తెచ్చి హాల్లో పెట్టుకున్నాడు. మంచమంత పెట్టె, పైన గాజుపలక, లోపల ఏటవాలు చెక్క మీద ఉక్కు గోలీ. పక్కనున్న బొత్తాలు నొక్కితే రెండు రెక్కలు లేచి గోలీని పైకి తంతాయి. గంటలు మోగుతాయి, దీపాలు వెలుగుతాయి. అంటే, వెలగాలి.

పైడిరాజు పనిచేసే లతీఫ్ ఉస్తాద్ దుకాణంలో ఒక పద్ధతుంది. బాగుచేసిన వస్తువు అదే జబ్బుతో తిరిగొస్తే, చేసినవాడు ఎంత పాతవాడైనా సరే, బల్ల దగ్గర్నుంచి లేచి కొత్తగా చేరినవాడిలా గుమ్మం దగ్గర కూర్చోవాలి. ఉస్తాద్‌కి చూపు మందగిస్తోంది. రేపో మాపో ఆ దుకాణం తనదేనని పైడిరాజు ఆశ. అందుకే ఈ మెషీన్ గోల ఉస్తాద్ చెవిన పడనివ్వలేదు. నరసింగరావు ఫోను చేసినప్పుడల్లా తనే వెళ్ళి, గాజు తీసి, ఆట చెక్కను కారు బానెట్‌లా పైకెత్తి కర్ర ఆనించి, కాలిన ఫ్యూజు మార్చేవాడు. చెక్క ఎత్తి ఉండగానే బొత్తాలు నొక్కేవాడు. రెక్కలు టపటపా కొట్టుకునేవి. మూసేసి వచ్చేసేవాడు.

ఒకసారి నరసింగరావు ముఖం మాడ్చుకున్నాడు. “ఏమయ్యా, నీకు చేతనవునా, లేక మీ సాయిబునే పిలవమంటావా?”

పైడిరాజుకి ఒళ్ళు మండింది. ఉన్నపళాన నోటికొచ్చింది అనేశాడు. “నా పనిలో లోపం లేదండి. ఎవరో మెషీన్‌ని గుద్దుతున్నారు. మీరు లేనప్పుడు దీన్ని ఎవరాడతారు?”

ఆడేది డ్రైవరు ఏసోబు. ఆడుకోమని ఒకప్పుడు నరసింగరావే అన్నాడు. ఆ సంగతి ఇప్పుడెవరికి గుర్తుంటుంది? ఆ సాయంత్రమే ఏసోబుని పనిలోంచి తీసేసి, పెరట్లో అతనికిచ్చిన గది ఖాళీ చేయించారు.

చిక్కు అక్కడే వచ్చింది. ఏసోబు పోయాక కూడా మెషీన్ ఆరిపోతే పైడిరాజు మాట అబద్ధమైపోతుంది. ఏదో సాకు చెప్పి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి, గాజు ఫ్యూజు మీద రాగితీగ చుట్టేశాడు. ఇక కాలమన్నా కాలదు.

కాలలేదు. వైర్లు కాలాయి. హాలంతా పొగ కమ్మింది. ఈసారి ఫోను ఉస్తాద్‌కే వచ్చింది.

ఉస్తాద్ శిష్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. చెక్క ఎత్తగానే ఫ్యూజు మీది రాగితీగ కనబడింది. దాన్ని నెమ్మదిగా విప్పి జేబులో వేసుకున్నాడు. కమిలిన వైర్లు మార్చి, కొత్త ఫ్యూజు పెట్టించాడు. పైడిరాజు బొత్తాలు నొక్కాడు. రెక్కలు బ్రహ్మాండంగా ఆడాయి.

“బాగుంది కదా ఉస్తాద్?”

“మూత వేసి చూడు.”

పైడిరాజు చెక్క దించి గాజు బిగించాడు.

“ఇప్పుడు ఆడు.”

“నేనా?”

“ఎప్పుడైనా ఆడావా దీన్ని?”

ఆడలేదు. గోలీ వదిలి ఎడమ బొత్తాం నొక్కాడు. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. చెక్క ఎత్తి ఫ్యూజు మారిస్తే మళ్ళీ బుద్ధిగా పనిచేసింది. మూత వేస్తే చచ్చింది.

ఉస్తాద్ చెక్కను సగం వరకే దింపి పట్టుకుని, టార్చి శిష్యుడి చేతికిచ్చాడు. పైడిరాజు మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు. ఎడమ రెక్క దగ్గర, టంకం వేసిన చోట, కత్తిరించకుండా వదిలేసిన తీగ కొస గోరంత బయటికి ఉంది. చెక్క దిగినప్పుడల్లా అది పెట్టెలోని ఇనుప పట్టీకి తగులుతోంది; బొత్తాం నొక్కగానే షార్టై ఫ్యూజు కాలుతోంది. ఆ టంకం తను మొట్టమొదటిసారి వచ్చినప్పుడు వేసిందే.

“కత్తిరించేస్తాను ఉస్తాద్. నిమిషం పని.”

“ముందు ఆయనకి చెప్పు.”

పైడిరాజు వెళ్ళి నరసింగరావు ఎదుట నిలబడ్డాడు. “ఏసోబు తప్పేం లేదండి. తప్పు నాదే.”

“పోనీలేవయ్యా,” అన్నాడు నరసింగరావు. “వేరే డ్రైవరు చేరిపోయాడు. బుద్ధిమంతుడే. ఇంతకీ మెషీన్ వెలుగుతుందా, లేదా?”

తీగ కొస తెగింది, మెషీన్ వెలిగింది. గంటలు గణగణా మోగాయి. ఆ మోత వింటుంటే పైడిరాజుకి చెవులు మూసుకోవాలనిపించింది.

వీధిలోకి వచ్చాక అతను దుకాణం వైపు తిరిగాడు. ఉస్తాద్ గేటు దగ్గర కొత్త డ్రైవర్ని ఏదో అడిగి, కొండవాలు ఇళ్ళ వైపు నడిచాడు. ఎక్కడికని అడిగే ధైర్యం లేక శిష్యుడు వెనకే నడిచాడు.

ఏసోబు కొత్తగా దిగిన గదిలో సామాన్లు ఇంకా మూటల్లోనే ఉన్నాయి. ఏసోబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“తప్పు నాదే ఏసోబన్నా. బాబుగారికి చెప్పేశాను.”

“మళ్ళీ రమ్మన్నారేటి?”

పైడిరాజు తల దించుకున్నాడు. “లేదు.”

“మా పాపని తీసికెళ్ళి ఆ గోలీ ఆట సూపించీవోణ్ణి,” అన్నాడు ఏసోబు. “ఇప్పుడది ‘నాన్నా, నువ్వే ఇరగ్గొట్టీసేవా?’ అనడుగుతంది. దానికేటి సెప్పమంటావు?”

జవాబు కోసం ఆగలేదు. తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడింది.

పైడిరాజుకి దుఃఖమూ రోషమూ కలిసి వచ్చాయి. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాడు. రాయిలా అయింది.

“చెప్పాల్సిందంతా చెప్పాను కదా ఉస్తాద్. ఇంకేం చెయ్యను?”

ఉస్తాద్ ఆ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, పక్కన కాస్త చోటు వదిలాడు.

“మూత పడింది కదా,” అన్నాడు మూసిన తలుపు చూపించి. “ఇప్పుడు చూడు, బాగైందో లేదో.”