గోరింక చూడని సాయం

అనగనగా కొండల మధ్య ఒక అడవి. ఆ అడవిలో ఒక కొండముచ్చు ఉండేవాడు. మూతి నల్లన, ఒళ్ళు బూడిద రంగు. తోక మాత్రం ఎండ పడితే తళతళా మెరిసేది. అందుకని వాడిని అందరూ వెండితోక అని పిలిచేవాళ్ళు.

వెండితోక మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను పిల్లలూ. ఎందుకంటే కథ సగానికి వచ్చేసరికి మీకు వాడి మీద కోపం వస్తుంది. అప్పుడు ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

ఒకరోజు వాడు మద్దిచెట్టు మీద కూర్చుని చిగుళ్ళు తింటున్నాడు. పక్క కొమ్మ మీది గూట్లోంచి ఉడుతపిల్ల ఒకటి జారి కిందపడింది. ఇంకా కళ్ళు తెరవని పసిది. వెండితోక ఏమీ ఆలోచించలేదు. చేతిలో చిగురు పారేశాడు. సర్రున దిగాడు. పిల్లని దోసిట్లో పెట్టుకుని పైకి తెచ్చి గూట్లో పడుకోబెట్టాడు. మళ్ళీ వెళ్ళి తన చిగుళ్ళు తాను తినసాగాడు. అదొక పెద్ద పని అని కూడా వాడికి అనిపించలేదు.

కానీ ఒక గోరింక చూసింది.

ఆ గోరింకకి తల్లి పెట్టిన పేరు ఏదో ఉండేది. ఇప్పుడది ఎవరికీ గుర్తులేదు. అందరూ చాటింపక్క అనేవాళ్ళు. సాయంత్రమైతే జంతువులన్నీ నీళ్ళకని మడుగు దగ్గరికి చేరతాయి కదా. అక్కడ పెద్ద బండ మీద నిలబడి, ఆ రోజు అడవిలో ఏమేం జరిగాయో చెప్పడం ఆమె పని. మిగతా గోరింకలు ఆ మాటల్ని కొండ కొండకీ మోసుకుపోయేవి. చెప్పింది నచ్చితే పిట్టలన్నీ టపటపమని రెక్కలు కొట్టేవి.

ఆ సాయంత్రం చాటింపక్క ఉడుతపిల్ల సంగతి చెప్పింది. మడుగు చుట్టూ ఉన్న చెట్లన్నీ రెక్కల చప్పుడుతో ఊగిపోయాయి.

"ఇదంతా నాకోసమేనా!" అనుకున్నాడు వెండితోక. చెవుల్లో తేనె పోసినట్టుంది వాడికి. పడుకున్నాక కూడా ఆ టపటపలే వినపడ్డాయి.

తర్వాత ఎండలు ముదిరాయి. నేల మీద గడ్డి మాడిపోయింది. పళ్ళూడిన ఒక ముసలి దుప్పి ఎండుటాకులు నమలలేక చెట్టుకింద కూలబడింది. వెండితోకకి జాలేసింది. నిజంగానే జాలేసింది. చిటారు కొమ్మకెక్కి లేత చిగుళ్ళు తెంపుకొచ్చాడు. ఇవ్వబోతూ ఆగాడు. అటూ ఇటూ చూశాడు.

"ఎవరికోసం చూస్తున్నావు నాయనా?" అంది దుప్పి.

"ఏంలేదు తాతా. ఒక్క నిమిషం. ఇదిగో, వచ్చేస్తుంది."

చాటింపక్క వచ్చి కొమ్మ మీద వాలాక, ఒక చేత్తో చిగుళ్ళు పెట్టాడు. రెండో చెయ్యి ముసలి దుప్పి తల మీద వేశాడు.

ఆ సాయంత్రం మడుగు దగ్గర పెద్ద వాదం జరిగింది.

"పెడితే పెట్టాడు. ఆ తల మీద చెయ్యేంటి, మునీశ్వరుడు దీవించినట్టు?" అంది నెమలి.

"నువ్వా ఆ మాట అనేది? మబ్బు పడితే చాలు, పింఛం విప్పుకుని ఊరేగేది ఎవరయ్యా?" అంది అడవిపంది. "ముసలాయన కడుపు నిండిందా, లేదా? అది చెప్పు."

"నిండిందనుకో..."

"నిండింది కదా. మరింకేంటి నీ బాధ?"

అడవిపంది మాట అబద్ధం కాదు. వెండితోకని చూసి కుర్ర కొండముచ్చులు కూడా కొమ్మలు విరిచి కిందికి వేయడం మొదలుపెట్టాయి. దాంతో చాలామంది ఆకలి తీరింది. నెమలి మాటా అబద్ధం కాదు. వెండితోక ఆకలిగా ఉన్నవాళ్ళని వెతికేటప్పుడు ఒక కన్ను నేల మీద, ఒక కన్ను గోరింక మీద ఉండేది. మంచికోసం చేస్తున్నావా, మెప్పుకోసం చేస్తున్నావా అని వాడినే అడిగి ఉంటే, పాపం, వాడికీ తెలిసేది కాదు.

అలా ఉండగా ఒకరోజు చెట్టు మీదినుంచి వాడికి ఒక పొదలో రెండు చెవులు కనిపించాయి. ఎండిన వాగు ఒడ్డున, ఎర్ర పుట్ట పక్కన పరికి పొద అది. అందులో దూదమ్మ అనే కుందేలు ఉంది. ముల్లు దిగి ముందుకాలు వాచిపోయింది. మేతకి పోలేదు. పాలు ఇంకిపోయాయి. పొట్ట కింద మూడు పిల్లలు ఊరికే చప్పరిస్తున్నాయి.

వెండితోక గుండె చివుక్కుమంది. పరుగున వెళ్ళి చేతుల నిండా చిగుళ్ళు తెచ్చాడు.

"అన్నా, అక్కడ పెట్టేసి వెళ్ళిపో. నీ మేలు మరిచిపోను," అంది దూదమ్మ గుసగుసగా.

"గొంతు పోయిందా చెల్లీ? గట్టిగా మాట్లాడు, నేనున్నాగా! ఒక్క నిమిషం ఆగు. చాటింపక్క వస్తోంది."

"ఆమె ఎందుకన్నా?"

"ఎందుకేంటి! నీ కష్టం పదిమందికీ తెలిస్తే పదిమందీ వస్తారు." ఆ మాట వాడు మనసారా నమ్మే అన్నాడు.

దూదమ్మ ఆగలేకపోయింది. ఒక చిగురు నోట్లో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే రొప్పుతూ చాటింపక్క వచ్చి వాలింది.

"అయ్యయ్యో, ఇచ్చేశావా? నేను చూడనేలేదు! ఇంకోసారి ఇవ్వు."

వెండితోక దూదమ్మ నోట్లోంచి చిగురు లాగేసుకున్నాడు.

ఇదిగో పిల్లలూ, కోపం వస్తుందన్నది ఇక్కడే.

"కాలు కాస్త ఇటు పెట్టమ్మా, వాపు కనపడాలి," అంది చాటింపక్క. "పిల్లల్ని కూడా బయటికి తే. ఆ మొహం అలా పక్కకి తిప్పుకుంటే ఎలా?"

దూదమ్మ చిగుళ్ళ వైపు చూసింది. పిల్లల వైపు చూసింది. ఒక్కొక్క పిల్లనీ నోటితో పట్టి వెలుగులోకి తెచ్చి పెట్టింది. వెండితోక మళ్ళీ చిగురు ఇచ్చాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఇంకా అందంగా ఇచ్చాడు.

"ఎక్కడుంటావని చెప్పమంటావమ్మా?"

"అది మాత్రం చెప్పొద్దక్కా..."

ఆ మాట పూర్తవకముందే వెండితోక అందుకున్నాడు. "వాగు ఒడ్డు, ఎర్ర పుట్ట, పక్కనే పరికి పొద. ఆనవాళ్ళు చెబితేనే కదా నమ్ముతారు!"

చాటింపక్క తుర్రుమంది.

ఆ సాయంత్రం బండ మీద ఆమె చెబుతుంటే ఏడవని పిట్ట లేదు. రెక్కల చప్పుడుకి మడుగులో నీళ్ళు కూడా వణికాయి. వెండితోక ఎత్తైన కొమ్మ మీద కూర్చుని అందరినీ చూసుకుంటున్నాడు. చూస్తూ చూస్తూ ఒకచోట వాడి చూపు ఆగిపోయింది.

గుంపు వెనకాల ఒక గుంటనక్క నీళ్ళు తాగుతోంది. అది ఏడవలేదు. నవ్వలేదు. చెవులు మాత్రం నిక్కబొడుచుకుని ఉన్నాయి. "ఎర్ర పుట్ట పక్కన పరికి పొద" అని చాటింపక్క అనగానే మూతి తుడుచుకుంది. లేచింది. చప్పుడు చెయ్యకుండా వాగు వైపు నడిచింది.

వెండితోకకి అప్పుడు తట్టింది. ఆనవాళ్ళు చెప్పింది తనే.

చెట్ల మీదుగా దూకుతూ పరిగెత్తాడు. "వెండితోక ఎక్కడికో పోతున్నాడు! పదండర్రా!" అని గోరింకలన్నీ వెంటపడ్డాయి. నక్క నేల దారిన చుట్టూ తిరిగి రావాలి కాబట్టి వాడే ముందు చేరాడు.

"చెల్లీ, నక్క వస్తోంది! పిల్లల్ని ఇలా ఇవ్వు, చెట్టెక్కించేస్తాను!"

దూదమ్మ తల ఎత్తి చూసింది. గోరింకలు ఒక్కొక్కటే వచ్చి కొమ్మల మీద సర్దుకుని కూర్చుంటున్నాయి.

"చెట్టు మీద మా పిల్లలు బతకవన్నా. వాగు అవతల నాకింకో చోటు ఉంది. కుంటుకుంటూ ఒక్కొక్కదాన్నీ మోసుకుపోతాను. కానీ ఎవరూ చూడకూడదు."

"నేను మోస్తాను!"

"నువ్వు మోస్తే ఆ చోటు కూడా రేపు బండ మీద వినపడుతుంది."

వెండితోక తల వంచుకున్నాడు. "మరి నేనేం చెయ్యను?"

"వెళ్ళిపో."

"ఆఁ?"

"చెట్టు మీద ఉండేవాడివి, పదిమంది చూస్తే నీకు పండగ. నేల మీద ఉండేవాళ్ళం, ఒక్కడు చూస్తే మాకు చావు. నువ్వు ఎటుంటే చూపులన్నీ అటే ఉంటాయన్నా. వాటిని తీసుకుని వెళ్ళిపో. నాకు అదే సాయం."

వెండితోక ఒక్క ఎగురు ఎగిరాడు. దారిలో ఒక తునికి చెట్టు మీద నాలుగు పండ్లు తెంపుకున్నాడు. నేరుగా వెళ్ళి నక్క ముందు దబ్బున దూకాడు.

"రండి బాబూ రండి! చూడనివాళ్ళు చూడండి! ఈరోజు నా రెండో సాయం, మన నక్క మామకి! పాపం, డొక్కలు ఎలా అంటుకుపోయాయో చూడండి!"

గోరింకలు గుంపుగా వచ్చి వాలాయి. చిలుకలు వచ్చాయి. మడుగు దగ్గరున్నవాళ్ళంతా పరుగున వచ్చారు. నక్క చుట్టూ అందరూ మూగారు.

"తప్పుకోరా," అంది నక్క పళ్ళ మధ్యనుంచి. "నాకు పనుంది."

"ఎంత మొహమాటమో! తీసుకో మామా."

నక్క తప్పించుకుని పోదామని ఒక పండు నోట్లో పెట్టుకుంది. వెండితోక లటుక్కున లాగేసుకున్నాడు.

"చాటింపక్క సరిగా చూడలేదు మామా. ఇంకోసారి తీసుకో."

"ఒరేయ్!"

"మొహం కాస్త ఇటు తిప్పు. ఆ తోక కూడా కనపడాలి."

నక్క ఎడమకి జరిగితే గోరింకలు ఎడమకి జరిగాయి. కుడికి జరిగితే కుడికి. దాక్కుని దాక్కుని బతికే నక్క అది. వేటాడాలంటే దానికీ ఎవరూ చూడకూడదు. ఇప్పుడు అది అడుగు తీస్తే అడవంతా చెబుతోంది, "అదిగో నక్క మామ, ఇదిగో నక్క మామ" అని. ఆ తర్వాత చాలా రోజులు కుర్ర గోరింకలు దాని వెంటే తిరిగాయి. "మామా, తునికి పండు ఎలా ఉంది? తియ్యగా ఉందా?" అని. అది విసిగి వేసారి అవతలి కొండకి వలసపోయింది.

ఆ సాయంత్రం మాత్రం వెండితోకకి ఒక్క రెక్క కూడా చప్పుడు చెయ్యలేదు.

"పొద్దున కుందేలుకి పెట్టాడు, సాయంత్రం నక్కకి పెట్టాడు. మెప్పు పిచ్చి ముదిరిపోయింది," అంది నెమలి.

అడవిపంది కూడా తల అడ్డంగా ఊపింది. "వీడి తరఫున నేను ఎంత మాట్లాడానురా దేవుడా," అనుకుంటూ వెళ్ళిపోయింది.

అందరూ పోయాక చాటింపక్క దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఏంటయ్యా ఇది? నీ తీరు ఇది కాదే. ఏదో కారణం ఉండి ఉంటుంది. చెప్పు, రేపు చెబుతాను. పోయిన పేరు మొత్తం వెనక్కి వస్తుంది."

వెండితోక నోరు తెరిచాడు. చెప్పాలని ఎంత ఉందో వాడికి! నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే వాగు అవతల గడ్డి కొంచెం కదిలింది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు నిలిచిపోయింది.

"కారణమేముందక్కా," అన్నాడు వెండితోక. "ఊరికే. సరదాకి చేశాను."

చాటింపక్క పెదవి విరిచి ఎగిరిపోయింది. మర్నాటినుంచి ఆమెకి చెప్పుకోవడానికి వేరేవాళ్ళు దొరికారు. గోరింకలు వాడి వెంట రావడం మానేశాయి. మొదట్లో వాడికి దిగులుగానే ఉండేది. అడవి మరీ చడీచప్పుడు లేకుండా ఉన్నట్టు తోచేది.

కానీ ఆకలి ఎక్కడెక్కడుంటుందో తెలిసిన కళ్ళు కదా, ఊరుకోలేవు. వెండితోక రోజూ పొద్దున్నే చెట్టెక్కేవాడు. ఒక చిగురు తినేవాడు, ఒక రెమ్మ జారవిడిచేవాడు. ఇంకోటి కొరికేవాడు, పెద్ద కొమ్మే చెయ్యి జారినట్టు వదిలేసేవాడు. ఒకరోజు ముసలి దుప్పి పడుకునే చోట. ఒకరోజు వాగు అవతల.

"ఎంత పాడుచేస్తాడో! తినేదానికన్నా పారబోసేది ఎక్కువ," అని నెమలి కింద నుంచి తిట్టేది.

ఒక పొద్దున వాగు అవతల చెట్టు కింద గడ్డిలో సన్నగా కొరుకుతున్న చప్పుడు వినిపించింది. ఒక నోరు కాదు, పెద్దదొకటి, చిన్నవి మూడు. వెండితోకకి తల వంచి చూడాలనిపించింది. చూడలేదు. తోక పైకి లాక్కుని, ఇంకో రెమ్మ జారవిడిచాడు.

ఇప్పటికీ అడవికి వెళితే చూడండి. చెట్టు మీద కొండముచ్చులు తింటుంటే కింద ఆకులు రాలుతూనే ఉంటాయి. దుప్పులు వచ్చి మేస్తూనే ఉంటాయి. అంతా కొండముచ్చుల చేతులు జారడమే అనుకుంటారు చూసేవాళ్ళు.

నీతి: చేసిన సాయం నలుగురికీ తెలిస్తే తప్పులేదు. కానీ మనకు మెప్పు తెచ్చే చూపులు, మన చెయ్యి అందుకున్నవాళ్ళకు ముప్పు తెస్తాయేమో ముందు వాళ్ళనే అడగాలి.