పలుకయ్య పేరు పుట్టిన బిలం

ఎర్రమల కొండల తూర్పు వాలులో, ఎర్రగట్లపల్లెకు ఎగువన, సున్నపురాతి గుట్టల నడుమ పలుకుబిలం ఉంది. బస్సు దిగిన భక్తులు జొన్నచేల గట్ల వెంట నడిచి, వంక అనే చిన్న వాగు దాటి, గుట్ట ఎక్కాలి. బిలం వాకిలి ఇరుకు. పెద్దవాళ్లు నడుము వంచితే తప్ప లోపలికి పోలేరు. లోపల కొలువైన స్వామికి ముఖం లేదు, చేతులు లేవు, ఆయుధాలు లేవు. చెవి ఆకారంలో ఉన్న తెల్లని రాయి ఒకటి గోడలోంచి పొడుచుకుని వచ్చి ఉంటుంది. దానికే పసుపు పూసి, కుంకుమ పెట్టి, పలుకయ్య స్వామి అని కొలుస్తారు.

ఈ చుట్టుపక్కల పల్లెల్లో మగపిల్లలకు పలుకయ్య అనే పేరు ఎంత ఎక్కువో, ఈ పల్లెలు దాటితే అంత అరుదు. వారపు సంతలో ఎవరైనా ఆ పేరు పెట్టి కేకవేస్తే నలుగురైనా తల తిప్పుతారు. అదే పేరు పట్నంలో చెబితే గుమాస్తాలు మళ్లీ అడిగి రాసుకుంటారు. ఒకే వీధిలో నల్ల పలుకయ్య, పొట్టి పలుకయ్య, మిద్దింటి పలుకయ్య అని ఆనవాళ్లు కలిపి పిలుచుకోవడం ఇక్కడ మామూలే. దూదేకుల ఇళ్లలో పలుకుసా అంటారు. ఈ మధ్య కొందరు చదువుకున్న తల్లిదండ్రులు పలుకేశ్ అని కూడా పెడుతున్నారు, స్వామికి దానివల్ల కోపమేమీ లేదని పూజారి చెబుతాడు. ఈ పేరు మొదట ఎవరికి, ఎందుకు వచ్చిందో పెద్దల నోట విన్నది విన్నట్టు ఇక్కడ చెబుతున్నాం.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గుట్టకు దారి లేదు. ఎర్రగట్లపల్లెలో మద్దిలేటి అనే గొర్రెల కాపరి, అతని భార్య ఓబులమ్మ ఉండేవారు. ఓబులమ్మకు ఇద్దరు మగబిడ్డలు పుట్టి, ఇద్దరూ పేరు పెట్టిన కొద్ది రోజులకే కన్నుమూశారు. రెండో బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన నాటి నుంచి ఆమె ఎవరి ఇంట ఉయ్యాల పాట వినబడినా చెవులు మూసుకునేది. మూడోసారి కడుపు పండినప్పుడు ఒక సోదెమ్మ వచ్చి, ఆ ఇంట పేరు పెట్టిన బిడ్డ నిలవడని, పేరు తెలిసిందంటే మృత్యువు ఆ పేరుతోనే పిలుచుకుపోతుందని చెప్పిపోయింది.

ఆ మాట ఓబులమ్మ మనసులో నాటుకుపోయింది. పుట్టిన బిడ్డకు ఆమె పేరే పెట్టలేదు. అత్త సుంకులమ్మ కూడా అదే మేలంది. బిడ్డను ఇంట్లో అబ్బోడని, వీధిలో మద్దిలేటి కొడుకని అనేవారు. అంతటితో ఆమె భయం తీరలేదు. బిడ్డకు మాటలు వచ్చేసరికి ఇంకొకటి నేర్పింది. బయట ఎవరు పిలిచినా పలకవద్దు, ఎంత దగ్గరి గొంతులా ఉన్నా పలకవద్దు, అమ్మ గొంతులా ఉన్నా సరే పలకవద్దు, అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటేనే కదలాలి అని. మృత్యువు తల్లి గొంతుతో కూడా పిలుస్తుందని ఆమె విన్నది. బిడ్డ బుద్ధిమంతుడు. ఆటలో ఎంత మునిగి ఉన్నా, పిలుపు వినబడగానే నోరు బిగించుకుని నిలబడేవాడు. అది చూసి ఓబులమ్మ తృప్తిపడేది.

ఒక ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో మద్దిలేటి కొడుకును వెంటబెట్టుకుని గుట్టకు మంద తోలాడు. మధ్యాహ్నం ఒక గొర్రెపిల్ల తప్పిపోయింది. దాని అరుపు విని బిడ్డ రాళ్ల మీదుగా వెళ్లాడు. తండ్రి తిరిగి చూసేసరికి గొర్రెపిల్ల ఒక్కటే రాతి చాటు నుంచి బయటికి వస్తోంది. బిడ్డ లేడు.

ఊరంతా గుట్ట ఎక్కింది. ఆ గుట్టలో పైకి కనబడని బిలాలు ఎన్నో ఉన్నాయి. ఎగువన ఆకాశం అప్పటికే నల్లబడింది. ఎగువన వాన పడి వంక వచ్చిందంటే ఆ బిలాలన్నీ నిండుతాయని అందరికీ తెలుసు, ఆ మాట మాత్రం ఓబులమ్మ ముందు ఎవరూ అనలేదు. పేరు లేని బిడ్డను ఎలా పిలవాలో తెలియక ఒకరు అబ్బోడా అన్నారు, ఇంకొకరు ఒరే పిల్లోడా అన్నారు. ఓబులమ్మ నాయనా, బంగారూ అంటూ ప్రతి పగులు దగ్గరా వంగి పిలిచింది. ఎక్కడా చప్పుడు లేదు. చీకటి పడి దివిటీలు వెలిగించాక కూడా లేదు. వాళ్లు వెతికిన పగుళ్లలో ఒకదాని అడుగునే బిడ్డ కూర్చుని ఉన్నాడు. అన్ని పిలుపులూ విన్నాడు. తల్లి చెప్పిన మాట దాటకూడదని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

తెల్లవారే వేళకు ఓబులమ్మ గొంతు పోయింది. ఒక బండకు ఆనుకుని కూలబడింది. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు. కలలో గొంగడి కప్పుకున్న ముసలి కాపరి ఒకడు ఎదురుగా నిలబడ్డాడు. బిడ్డ బతికి ఉన్నాడని గాని, ఫలానా చోట ఉన్నాడని గాని ఆయన చెప్పలేదు.

"పలకొద్దని నేర్పింది నువ్వే గదమ్మా. పలకమని కూడా నువ్వే చెప్పల్ల" అని మాత్రం అన్నాడు.

ఓబులమ్మ ఉలిక్కిపడి లేచింది. బిడ్డ ఎందుకు పలకలేదో అప్పుడు అర్థమైంది. కాపాడుతుందనుకున్న మాటే బిడ్డను దాచేసింది. అయినా నోరు తెరవడానికి ఆమెకు భయమే. పలకమని చెబితే, ఇన్నేళ్లు గడియ వేసి ఉంచిన తలుపు తన చేత్తో తీసినట్టే. దూరంగా ఎగువన ఉరుము వినబడింది. ఆమె బండ మీదికెక్కి, మిగిలిన గొంతంతా కూడదీసుకుని పిలిచింది.

"పలుకయ్యా! నేను మీ అమ్మను. పలుకయ్యా!"

తరువాత ఆమె కాళ్ల కిందనుంచే, బండల అడుగునుంచి, సన్నని గొంతు వచ్చింది.

"అమ్మా, పలకొచ్చునా?"

మద్దిలేటి నడుముకు తాడు కట్టుకుని పగులులోకి దిగి కొడుకును పైకి తెచ్చాడు. మోకాళ్లు గీరుకుపోవడం తప్ప బిడ్డకు ఏమీ కాలేదు. ఓబులమ్మ కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎవరు పిలిచినా పలకమని, ఎక్కడున్నా పలకమని చెబుతూనే ఉంది. లోపల భయం వేయలేదా అని ఎవరో అడిగారు. పక్కన తాత ఉన్నాడని, తాను ఏడిస్తే చెవి దగ్గర పెట్టి విన్నాడని బిడ్డ అన్నాడు. వాళ్లు ఊరు చేరేలోపే వంక వచ్చింది. బిలాలు నిండాయి. గట్టు మీద నిలబడి ఆ ఎర్రనీళ్లు చూసిన ఆడవాళ్లకు అప్పుడుగాని ఊపిరి ఆడలేదు.

నీరు తీశాక మద్దిలేటి మళ్లీ గుట్టకు వెళ్లాడు. వరద మట్టిని కడిగేసి, పగులు పక్కనే ఇప్పటి వాకిలిని తెరిచింది. లోపల బిడ్డ కూర్చున్న చోటికి ఆనుకుని, తెల్లగా, చెవి ఆకారంలో రాయి కనబడింది. అతను తలగుడ్డ తీసి సాగిలపడ్డాడు.

ఇంటి దగ్గర మాత్రం సుంకులమ్మ దిగులు పెట్టుకుంది. తెలిసో తెలియకో బిడ్డకు పేరు పడిపోయిందని, ఊరంతా అప్పుడే పలుకయ్య అని పిలుస్తోందని ఆమె బాధ. ఓబులమ్మకూ లోపల అదే బెంగ. నిద్రపోతున్న కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. ఆ నెలలోనే బిడ్డకు జ్వరం తగిలింది. సుంకులమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఓబులమ్మ బిడ్డను భుజాన వేసుకుని తిన్నగా బిలానికి పోయి, రాతి ముందు పడుకోబెట్టింది. వీడికి నేను పెట్టిన పేరు ఇదే, మార్చను, దాచను, వినేవాడివి నువ్వే కాబట్టి నీకే చెబుతున్నాను అని మొక్కుకుంది. తరువాత కొడుకు పక్కనే పడుకుని పలుకయ్యా అని పిలిచింది. వాడు ఓ అన్నాడు. ఆ పూటకే జ్వరం దిగింది.

వానలు వెళ్లాయి, చలి వెళ్లింది, మరుసటి ఏడు మళ్లీ జొన్నలు వేశారు. పలుకయ్య మంద వెనుక అరుస్తూ పరుగెత్తుతూనే ఉన్నాడు. ఒకనాడు వేలు పెట్టి ఊపిరి చూడకుండానే తాను నిద్రపోయినట్టు ఓబులమ్మకు తెల్లవారాక గుర్తుకొచ్చి, వంటింట్లో ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో అని, తలుపు సందునుంచి కోడలిని చూసిన సుంకులమ్మే తరువాత ఊరంతా చెప్పుకుంది. బిడ్డలు నిలవని తల్లులు ఈ సంగతి విని ఒకరి తరువాత ఒకరు గుట్ట ఎక్కసాగారు. పుట్టిన కొడుకులకు అదే పేరు పెట్టుకున్నారు. పలుకయ్య పెరిగి పెద్దవాడై బిలానికి మెట్లు తొలిచి, స్వామికి తొలి పూజారి అయ్యాడు. నేటికీ ఆ వంశం వారే పూజ చేస్తున్నారు.

ఇప్పుడు ఇక్కడ పేరు పెట్టే పద్ధతి ఇది. తల్లి బిడ్డతో బిలంలో స్వామి ముందు కూర్చుంటుంది. తండ్రి బయట బండ మీద నిలబడి, పెట్టబోయే పేరుతో గట్టిగా పిలుస్తాడు. బిడ్డకు ఇంకా మాటలు రావు కనుక తల్లే లోపలనుంచి ఓ అని బదులిస్తుంది. పలుకయ్య అనే పేరే పెట్టాలన్న నియమం లేదు, ఆడపిల్లలకూ ఇలాగే చేస్తారు. మాటలు ఆలస్యమైన పిల్లలను తెస్తారు. ఇల్లు విడిచిపోయిన వారి కోసం వచ్చి, వాళ్ల పేరు స్వామి చెవిలో చెప్పి వెళ్లేవారూ ఉన్నారు. ఇక్కడ పేరు పొందిన బిడ్డలు నిండు నూరేళ్లు ఉంటారని భక్తుల నమ్మకం. నామకరణాల రోజున వచ్చినవారు తొందరపడకుండా బండ దగ్గర కాసేపు నిలబడాలని మనవి. లోపలనుంచి బదులు రాగానే, అంతవరకూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డ తండ్రులు అక్కడే చతికిలబడి నవ్వుతారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు.